ఐఆర్ఏ ఓడిందా, గెలిచిందా? ఉత్తర ఐర్లండ్ శాంతి వెనక నడిచిన అసలు బేరం

మీరు అడిగింది ఒకటే అయినా అందులో మూడు ప్రశ్నలున్నాయి. ఐఆర్ఏ (ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ, ఉత్తర ఐర్లండ్‌ని బ్రిటన్ నుంచి విడదీసి ఐర్లండ్‌లో కలపాలని పోరాడిన సాయుధ సంస్థ) ఓడిపోయి తుపాకులు దించిందా, బ్రిటనే దిగొచ్చిందా? 1998 గుడ్‌ఫ్రైడే ఒప్పందం లాంటిదే ఇంచుమించు 1973-74లోనే కుదిరితే ఇంకో పాతికేళ్లు ఎందుకు చంపుకున్నారు? ఇప్పుడు ఐర్లండ్ మొత్తం ఒకటవుతుందా? నేను ఈ సబ్జెక్టు కాలేజీలో చాలాకాలం చెప్పాను, పిల్లలు కూడా దాదాపు ఇవే అడిగేవాళ్లు. "బ్రిటిష్ ప్రధాని టోనీ బ్లెయిర్ వచ్చాడు, అందర్నీ కూర్చోబెట్టాడు, ఒప్పించాడు" అని రాస్తే మార్కులు పడతాయేమో గానీ విషయం అర్థం కాదు. నా లెక్క ముందే చెప్పేస్తా. లండన్‌తో నడిచిన బేరం కంటే ఐరిష్ జాతీయవాదులు వాళ్లలో వాళ్లు చేసుకున్న బేరమే ఎక్కువ కాలం సాగింది, అది ఒక కొలిక్కి వచ్చాకే మిగతావన్నీ కదిలాయి.

నేపథ్యం క్లుప్తంగా. 1916 ఈస్టర్ తిరుగుబాటు, 1919 నుంచి 21 దాకా గెరిల్లా యుద్ధం, 1921 డిసెంబరులో లండన్‌తో ఒప్పందం. అప్పటికే ఈశాన్య మూలన ఆరు కౌంటీలు విడదీసి ఉత్తర ఐర్లండ్ అని వేరు చేసేశారు. అక్కడ ఇంచుమించు మూడింట రెండొంతులు ప్రొటెస్టెంట్లు, వాళ్లలో ఎక్కువమంది బ్రిటన్‌తోనే ఉంటామనే యూనియనిస్టులు. మిగతా కాథలిక్కుల్లో ఎక్కువమంది దక్షిణంతో కలవాలనుకునే జాతీయవాదులు, వాళ్లలో తుపాకీ పట్టినా తప్పులేదనుకున్న వర్గాన్ని రిపబ్లికన్లంటారు. (మన వి.వి. గిరి గారు సరిగ్గా ఆ రోజుల్లోనే, 1913 నుంచి 1916 దాకా, డబ్లిన్‌లో లా చదివారు. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయని దేశం వదిలి పొమ్మన్నారు.) ఆ 1921 రాజీ మీదే దక్షిణాన అంతర్యుద్ధం వచ్చింది, దాని మీద సంతకం పెట్టిన మైకేల్ కాలిన్స్‌ని 1922 ఆగస్టులో నిన్నటిదాకా తనతో కలిసి పోరాడినవాళ్లే కాల్చి చంపారు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, బ్రిటన్‌తో రాజీపడితే సొంతవాళ్లే లేపేస్తారన్న భయం ఆ తర్వాత వచ్చిన ప్రతి రిపబ్లికన్ నాయకుడికీ ఉంది.

ఉత్తరాన యాభై ఏళ్లు ఒకే పార్టీ రాజ్యం. డెర్రీ ఊళ్లో కాథలిక్కులే ఎక్కువ, అయినా కార్పొరేషన్‌లో ఉన్న 20 సీట్లలో 12 యూనియనిస్టులకు పడేలా వార్డులు గీశారు. స్థానిక ఎన్నికల్లో ఇంటి పన్ను కట్టే ఇంటివాళ్లకే ఓటు కాబట్టి కాథలిక్కుకి కౌన్సిల్ ఇల్లు ఇవ్వకపోతే ఓటు కూడా ఇవ్వనట్టే. 1968లో వాళ్లు రోడ్డెక్కి అడిగింది ఇల్లు, ఉద్యోగం, ఓటు, అంతే. ఐక్య ఐర్లండ్ మాట ఆ ప్లకార్డుల మీద పెద్దగా లేదు. దానికి జవాబు లాఠీలు. 1969లో సైన్యం దిగింది, 1971లో విచారణ లేకుండా జైల్లో వేయడం మొదలైంది, 1972 జనవరి 30న డెర్రీలో పారాచూట్ సైనికులు ఊరేగింపు మీద కాల్చి 13 మందిని చంపారు, గాయపడ్డ మరొకాయన తర్వాత పోయాడు. హక్కుల గొడవ కాస్తా దేశం గొడవైపోయింది. ఆ ఒక్క ఏడాది 470 మందికి పైగా చనిపోయారు, అదీ 15 లక్షల జనాభా ఉన్న చోట.

అదే ఏడాది జులైలో ఒక రహస్య సమావేశం జరిగింది. ఐఆర్ఏ నాయకుల్ని విమానంలో లండన్ తీసుకెళ్లి చెల్సీలో ఒక ఇంట్లో బ్రిటిష్ మంత్రి విలియం వైట్‌లా ఎదుట కూర్చోబెట్టారు. అందులో 23 ఏళ్ల గెర్రీ ఆడమ్స్, 22 ఏళ్ల మార్టిన్ మెక్‌గిన్నెస్ కూడా ఉన్నారు. ఐఆర్ఏ పెట్టిన వాటిలో ముఖ్యమైన షరతు: 1975 జనవరి 1 కల్లా మీ సైన్యం వెళ్లిపోతుందని ప్రకటించండి. మాటలు అక్కడే తెగిపోయాయి. రెండు వారాల్లో బెల్‌ఫాస్ట్ నడిబొడ్డున గంటన్నర లోపు ఇరవై దాకా బాంబులు పేలాయి. ఆ షరతులో యూనియనిస్టుల ఊసే లేదన్నది గమనించండి. వాళ్ల దృష్టిలో శత్రువు లండన్, లండన్ వెళ్లిపోతే ఆ పది లక్షల మంది ఎలాగో సర్దుకుంటారు. అంతే, అదే ఆలోచన!

ఇక మీ రెండో ప్రశ్న. 1973 డిసెంబరులో సన్నింగ్‌డేల్‌లో కుదిరిన ఒప్పందంలో అధికారం పంచుకునే ప్రభుత్వం ఉంది, ఉత్తర దక్షిణాల ఉమ్మడి మండలి ఉంది, మెజారిటీ ఒప్పుకోకుండా ఉత్తర ఐర్లండ్ హోదా మారదన్న మాట కూడా ఉంది. కాగితం మీద చూస్తే 1998 ఒప్పందానికీ దానికీ చాలా పోలికలు. హింస వద్దనే జాతీయవాదుల పార్టీ ఎస్‌డీఎల్‌పీ నాయకుడు షేమస్ మాలన్ అయితే 1998 ఒప్పందాన్ని మందబుద్ధి విద్యార్థుల కోసం మళ్లీ చెప్పిన సన్నింగ్‌డేల్ పాఠం అన్నాడు. మాట భలే ఉంటుంది, కానీ నేను పూర్తిగా ఒప్పుకోను. 1974లో మధ్యస్థంగా ఉండే పార్టీలే బల్ల దగ్గర ఉన్నాయి. తుపాకులున్నవాళ్లంతా, రెండు వైపులా, బయటే ఉన్నారు. మేలో లాయలిస్టు కార్మికులు (యూనియనిస్టుల్లో అతివాదులు) విద్యుత్ కేంద్రాలు ఆపేసి రెండు వారాలు సమ్మె చేస్తే సైన్యం చూస్తూ నిలబడింది, ప్రభుత్వం కూలిపోయింది. ఐఆర్ఏ కూడా ఆ ఒప్పందం పోతే పీడా పోయిందనుకుంది. ఖైదీల సంగతేంటి, పోలీసుల సంగతేంటి, ఆయుధాల సంగతేంటి అన్నవాటికి అందులో గట్టి సమాధానం లేదు, 1998లో తలలు పగలగొట్టుకున్నదంతా వాటి దగ్గరే.

ఐఆర్ఏ మనసు మారడానికి మొదటి కారణం విచిత్రంగా జైల్లో పుట్టింది. తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని 1981లో చేసిన నిరాహార దీక్షలో పదిమంది చనిపోయారు. మొదటివాడు బాబీ శాండ్స్, 66 రోజులు. దీక్షలో ఉండగానే ఉప ఎన్నికలో నిలబెడితే 30 వేలకు పైగా ఓట్లతో బ్రిటిష్ పార్లమెంటుకు గెలిచాడు. ఎన్నికలంటేనే గిట్టని షిన్ ఫేన్‌కి (ఐఆర్ఏ రాజకీయ విభాగం) ఓట్ల రుచి అప్పుడు తెలిసింది. 1983లో ఆడమ్స్ ఎంపీ అయ్యాడు. అయితే ఒక చేత్తో ఓటు ఇంకో చేత్తో తుపాకీ అంటే కొన్నాళ్లే నడుస్తుంది. 1987 నవంబరులో ఎన్నిస్కిలెన్‌లో యుద్ధవీరుల స్మారకం దగ్గర చేరిన మామూలు జనం మధ్య ఐఆర్ఏ బాంబు పేలి 11 మంది పోతే, ఓటు వేసేవాడికి ఏం మొహం పెట్టుకుని చెబుతారు?

ఇక్కడ జాన్ హ్యూమ్ వస్తాడు, నా ఉద్దేశంలో ఈ కథలో పెద్ద మనిషి ఈయనే. డెర్రీ స్కూలు టీచరు, ఎస్‌డీఎల్‌పీ నాయకుడు, పక్కా జాతీయవాది, హింసకు పూర్తిగా వ్యతిరేకి. ఆయన వాదం ఏళ్ల తరబడి ఒకటే: చీలింది నేల అనుకుంటున్నారు, చీలింది మనుషులు, యూనియనిస్టుల్ని ఒప్పించకుండా వచ్చే ఐక్యత ఐక్యత కాదు, బాంబు పెట్టి పొరుగువాడిని ఒప్పించలేం. 1988లో ఆయన ఆడమ్స్‌తో మాటలు మొదలుపెట్టాడు. మధ్యవర్తి బెల్‌ఫాస్ట్ క్లోనార్డ్ మఠంలోని ఫాదర్ అలెక్ రీడ్.

ఆ మార్చి సంగతి ఒకటి వివరంగా చెప్పాలి. జిబ్రాల్టర్‌లో ముగ్గురు ఐఆర్ఏ వాళ్లను బ్రిటిష్ కమాండోలు కాల్చి చంపారు. వాళ్ల అంత్యక్రియల్లో ఒక లాయలిస్టు గ్రెనేడ్లు విసిరి ముగ్గుర్ని చంపాడు. మార్చి 19న ఆ ముగ్గురిలో ఒకరి శవయాత్ర వెళ్తుంటే, మామూలు బట్టల్లో ఉన్న ఇద్దరు బ్రిటిష్ కార్పొరల్స్ కారు ఆ గుంపులోకి వచ్చి ఇరుక్కుంది. జనం లాగి కొట్టారు, ఐఆర్ఏ వాళ్లు పక్కన ఖాళీ స్థలానికి తీసుకెళ్లి కాల్చేశారు. రీడ్ అడ్డుపడబోతే పక్కకు ఈడ్చేశారు. ఆయన వెతుక్కుంటూ వెళ్లి, నేల మీద పడున్నవాడి నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాడు, లాభం లేదని తెలిశాక మోకాళ్ల మీద కూర్చుని ఆఖరి ప్రార్థన చేశాడు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఫొటోలో కనిపించనిది ఏమిటంటే, ఆ సమయంలో ఆయన దగ్గర ఒక కవరు ఉంది, హ్యూమ్‌కి ఇమ్మని షిన్ ఫేన్ పంపిన పత్రం. దానికి రక్తం అంటింది. ఆయన కవరు మార్చి, ఆ పత్రం డెర్రీ తీసుకెళ్లి హ్యూమ్ చేతికిచ్చాడు.

హ్యూమ్, ఆడమ్స్ మధ్య ఆ ఏడాది నడిచిన వాదన చిన్న మెలిక మీద ఉంది. బ్రిటన్ తన స్వార్థం కోసం ఇక్కడ కూర్చుందని ఆడమ్స్. లేదు, ఇప్పుడు దానికి ఇక్కడ అలాంటి స్వార్థమేమీ లేదు, అడ్డం ఉన్నది నీ పక్క వీధివాడి ఇష్టం అని హ్యూమ్. 1990 నవంబరులో బ్రిటిష్ మంత్రి పీటర్ బ్రూక్, ఉత్తర ఐర్లండ్‌లో తమకు వ్యూహాత్మకంగా గానీ ఆర్థికంగా గానీ స్వార్థ ప్రయోజనం లేదని బహిరంగంగా ప్రకటించాడు. ఇది ఊరికే నోరుజారిన మాట కాదు. హ్యూమ్ వాదానికి లండన్ ముద్ర పడింది. బ్రిటన్ వలసవాదిగా కూర్చోలేదంటే, మరి ఎవరి మీద యుద్ధం?

రహస్య మార్గం కూడా నడుస్తూనే ఉంది. డెర్రీ వ్యాపారి బ్రెండన్ డడీ బ్రిటిష్ గూఢచారి విభాగానికీ ఐఆర్ఏకీ మధ్య ఏళ్లపాటు కబుర్లు మోశాడు. 1993 నవంబరు మొదట్లో ప్రధాని జాన్ మేజర్ ఆడమ్స్‌లాంటివాళ్లతో మాట్లాడాలంటే తనకు కడుపులో తిప్పుతుందని పార్లమెంటులో అన్నాడు. నెల తిరక్కముందే ఆ మాటలు నడుస్తున్న సంగతి పేపర్లో వచ్చింది! ఇంకో తమాషా, 1988 నుంచి 94 దాకా షిన్ ఫేన్ నాయకుల గొంతు టీవీలో వినిపించకూడదని నిషేధం, అందుకని ఆడమ్స్ బొమ్మ కనిపిస్తుంటే నటుడెవరో ఆయన మాటలు చెప్పేవాడు. డబ్బింగ్ మనకు కొత్త కాదు గానీ వార్తలకు డబ్బింగ్ మాత్రం నేను ఇంకెక్కడా వినలేదు.

1993 అక్టోబరులో బెల్‌ఫాస్ట్‌లో ప్రొటెస్టెంట్లుండే షాంకిల్ వీధిలో చేపల దుకాణంలో ఐఆర్ఏ బాంబు పేలి తొమ్మిదిమంది, బాంబు పెట్టినవాడితో కలిపి పదిమంది పోయారు. వారానికి గ్రేస్టీల్‌లో లాయలిస్టులు ఎనిమిదిమందిని చంపారు. ఆ బాంబు పెట్టినవాడి శవపేటికను ఆడమ్స్ భుజం మీద మోశాడు. బ్రిటన్, ఐర్లండ్ రెండూ భగ్గుమన్నాయి, శాంతి మాట్లాడేవాడు చేసే పనా ఇది అని. కానీ ఆ రోజు ఆయన భుజం పట్టకపోయి ఉంటే, పది నెలల తర్వాత అదే మనుషుల ముందు నిలబడి ఇక ఆపుదాం అనగలిగేవాడా? నాకు నమ్మకం లేదు. చనిపోయినవాళ్ల కుటుంబాలకు మాత్రం ఈ తర్కం చెప్పే ధైర్యం నాకు లేదు.

1993 డిసెంబరులో మేజర్, ఐరిష్ ప్రధాని ఆల్బర్ట్ రేనాల్డ్స్ కలిసి ప్రకటన చేశారు. ఐర్లండ్ ప్రజలకు స్వయం నిర్ణయ హక్కు ఉంది, అయితే ఉత్తర, దక్షిణ ప్రాంతాల్లో విడివిడిగా సమ్మతి ఉండాలి అని. ఒకే వాక్యంలో ఇద్దరికీ కావలసింది ఉంది. తర్వాతి జనవరిలో అధికారుల అభ్యంతరాల్ని పక్కన పెట్టి క్లింటన్ ఆడమ్స్‌కి 48 గంటల అమెరికా వీసా ఇచ్చాడు. 1994 ఆగస్టు 31న ఐఆర్ఏ కాల్పుల విరమణ, అక్టోబరులో లాయలిస్టులది.

అక్కడితో అయిపోవాలి కదా, కాలేదు. ముందు ఆయుధాలు అప్పగిస్తేనే చర్చలు అని లండన్ మెలిక పెట్టింది. ఐఆర్ఏ వైపు నుంచి చూస్తే అది లొంగిపోవడమే, ఆ మాట ఒప్పుకుంటే ఆడమ్స్ వెనకాల ఒక్కడు మిగలడు. అమెరికా మాజీ సెనేటర్ జార్జ్ మిచెల్ 1996 జనవరిలో మధ్యే మార్గం చెప్పాడు, చర్చలూ ఆయుధాల పనీ పక్కపక్కనే నడవాలని. పార్లమెంటులో యూనియనిస్టుల ఓట్ల మీద ఆధారపడే స్థితికి చేరుతున్న మేజర్ దాన్ని దాటేసి ఎన్నికల మాట ఎత్తాడు. ఫిబ్రవరిలో లండన్ డాక్‌లాండ్స్‌లో బాంబు, ఇద్దరు మృతి. విరమణ గంగలో కలిసింది. 1997లో బ్లెయిర్ గెలిచి ఆ ముందస్తు షరతు వదిలేశాక జులైలో మళ్లీ విరమణ, సెప్టెంబరులో షిన్ ఫేన్ చర్చల్లోకి వచ్చింది, యూనియనిస్టుల్లో రాజీకి ససేమిరా అనే ఇయాన్ పెయిస్లీ పార్టీ డీయూపీ లేచిపోయింది.

బ్లెయిర్‌కి పేరు వచ్చింది గానీ చర్చల నిర్మాణం గురించి ఎవరూ మాట్లాడరు. చిన్న లాయలిస్టు పార్టీలు, మహిళా కూటమి కూడా లోపలికి వచ్చేలా ఎన్నిక రూపొందించారు, ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి పది పార్టీలకు తలా రెండు అదనపు సీట్లు. ఇరుపక్షాల్లోనూ మెజారిటీ ఒప్పుకుంటే చాలు, ఏ ఒక్క పార్టీ అడ్డం పడ్డా ఆగదు. యూనియనిస్టు నాయకుడు డేవిడ్ ట్రింబుల్ ఆ చర్చలు జరిగినంత కాలం ఆడమ్స్‌తో నేరుగా ఒక్క ముక్క మాట్లాడలేదు, అయినా ఒప్పందం వచ్చింది! 1998 జనవరిలో లాయలిస్టు ఖైదీలు చర్చలకు మద్దతు వెనక్కి తీసుకుంటే మంత్రి మో మౌలం తనే మేజ్ జైలుకు వెళ్లి శిక్ష పడ్డ హంతకులతో కూర్చుని మాట్లాడింది. అందరూ తిట్టారు. ఆ సాయంత్రానికి వాళ్లు మనసు మార్చుకున్నారు.

ఏప్రిల్ మొదట్లో, చర్చల ఆఖరి వారంలో, ఐరిష్ ప్రధాని బెర్టీ అహెర్న్ తల్లి చనిపోయింది. ఆయన అంత్యక్రియల రోజు పొద్దున్నే బెల్‌ఫాస్ట్ వచ్చి బ్లెయిర్‌ని కలిసి, డబ్లిన్ వెళ్లి తల్లిని సాగనంపి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఉత్తర దక్షిణ మండలికి ఇవ్వబోయే అధికారాల జాబితా చూసి యూనియనిస్టులు ససేమిరా అంటే దాన్ని కుదించడానికి ఒప్పుకున్నదీ ఆయనే. గడువు ఏప్రిల్ 9 అర్ధరాత్రి దాటిపోయింది, 10వ తేదీ గుడ్‌ఫ్రైడే సాయంత్రానికి ఒప్పందం.

అందులో ఏముందంటే, ఉత్తరాన మెజారిటీ కోరుకున్నంత కాలం అది బ్రిటన్‌లోనే, రెండు చోట్లా మెజారిటీ ఐక్యత కోరితే రెండు ప్రభుత్వాలూ కట్టుబడాలి. అక్కడి మనిషి ఐరిష్ అనుకోవచ్చు, బ్రిటిష్ అనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. అధికారం పంచుకోవాలి, ప్రథమ మంత్రికీ ఉప ప్రథమ మంత్రికీ పేరులోనే తేడా, అధికారాలు సమానం. విరమణ పాటించే సంస్థల ఖైదీలకు రెండేళ్లలో విడుదల. మొత్తం ద్వీపం తమదేనని చెప్పే 2, 3 అధికరణాల్ని ఐర్లండ్ తన 1937 రాజ్యాంగంలో మార్చుకుంది. మన ఆదేశిక సూత్రాలు ఎక్కడివంటే గ్రూప్స్ రాసేవాళ్లంతా ఠక్కున చెప్పే రాజ్యాంగం అదే. మే 22న ఉత్తరాన 71.1 శాతం, దక్షిణాన 94.4 శాతం అవునన్నారు. యూనియనిస్టులు మాత్రం ఇంచుమించు రెండుగా చీలారు. ఆగస్టు 15న విరమణ ఒప్పుకోని చీలిక ముఠా ఓమాలో బాంబు పెట్టి 29 మందిని చంపింది, కడుపులో కవలలున్న గర్భిణితో సహా.

ఆయుధాల వాక్యం కావాలనే వదులుగా రాశారు. ఆ వదులు వల్లే ఒప్పందం కుదిరింది, ఆ వదులు వల్లే తర్వాత ఏడేళ్లు ప్రభుత్వం పడుతూ లేస్తూ నడిచింది. 2005 సెప్టెంబరులో ఒక మెథడిస్టు పాస్టరు, ఒక కాథలిక్ ఫాదరు సాక్షులుగా ఐఆర్ఏ ఆయుధాలన్నీ పనికిరాకుండా చేశారు. ఆ ఫాదరు అలెక్ రీడే. పోలీసు శాఖ కూడా మారింది, నూటికి ఎనిమిది మందే కాథలిక్కులున్న పాత దళం పోయి సగం సగం భర్తీతో కొత్తది వచ్చింది. 2007 మేలో పెయిస్లీ, మెక్‌గిన్నెస్ పక్కపక్కన కూర్చుని ప్రమాణం చేశారు. నోబెల్ తీసుకున్న హ్యూమ్, ట్రింబుల్ పార్టీలు మాత్రం అప్పటికే చితికిపోయాయి, ఓట్లన్నీ అటు షిన్ ఫేన్‌కి, ఇటు డీయూపీకి పోయాయి. రాజీ కుదిర్చినవాడికి జనం ఓటేయరు, రాజీలో తమ తరఫున గట్టిగా గుంజేవాడికి వేస్తారు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం, ఐఆర్ఏ తన లక్ష్యం విషయంలో ఓడింది. బ్రిటన్ వెళ్లలేదు, కూల్చేస్తామన్న స్టార్మాంట్‌లోనే (ఉత్తర ఐర్లండ్ శాసనసభ) మంత్రులుగా కూర్చున్నారు, దశాబ్దాలుగా తిట్టిన "యూనియనిస్టు సమ్మతి" సూత్రాన్ని ఒప్పుకున్నారు. 1968లో రోడ్డెక్కినవాళ్లు అడిగినవి మాత్రం దాదాపు అన్నీ వచ్చాయి. వాటికి 3,500 మందికి పైగా ప్రాణాలు అవసరమా అంటే, హ్యూమ్ జీవితమంతా చెప్పింది అవసరం లేదనే, నేనూ ఆ వైపే. రిపబ్లికన్లు ఇప్పటికీ ఒప్పుకోరు. శాంతి కూడా పూర్తిగా అతుక్కోలేదు, కాథలిక్, ప్రొటెస్టెంట్ వీధుల మధ్య గోడలు ఇంకా ఉన్నాయి, ఎక్కువమంది పిల్లలు వేరు వేరు బడులకే వెళ్తారు, 2017 తర్వాత ప్రభుత్వం రెండుసార్లు ఏళ్ల తరబడి ఆగిపోయింది.

ఐక్యత సంగతి. 2021 జనాభా లెక్కల్లో కాథలిక్ నేపథ్యం 45.7 శాతం, ప్రొటెస్టెంట్ నేపథ్యం 43.5 శాతం, మొదటిసారి తలకిందులైంది. బ్రెగ్జిట్‌కి ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం వద్దన్నా తీసుకెళ్లారు, ఆ కోపం ఉంది. 2024 ఫిబ్రవరిలో షిన్ ఫేన్ నాయకురాలు మిషెల్ ఓనీల్ ప్రథమ మంత్రి అయ్యింది. అయినా కాథలిక్కులంతా ఐక్యతకే ఓటేస్తారనుకోకండి, వైద్యం ఖర్చు, పింఛను లెక్క చూసుకునేవాళ్లు చాలామంది. అటూ ఇటూ తేల్చుకోని మూడో వర్గం కూడా పెరుగుతోంది. ఓటింగ్ పెట్టాల్సింది లండన్‌లోని మంత్రి, మెజారిటీ ఐక్యత కోరుకునే అవకాశం ఉందని అతనికి అనిపిస్తే పెట్టి తీరాలి, ఒకసారి పెడితే మళ్లీ ఏడేళ్లలోపు కుదరదు. "అనిపించడం" అంటే సర్వేలా, సీట్లా, ఇంకేమైనానా అన్నది ఒప్పందంలో రాయలేదు.